ఇనుప కడుపు

మా అత్తయ్యకి ఆవిడ వంట చేసే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పెట్టిన పేరు ఇనుప కడుపు. రాళ్ళు తిన్నా అరిగించుకుంటుందని. ఆ పేరు చెప్పుకుని ఆవిడ మురిసిపోయేది కూడా. వంటలో ఆవిడకి ఒకటే పట్టుదల, రుచి చూడకుండా ఏదీ వంటగది దాటకూడదు. క్యాంటీన్‌లో మాత్రం గరిటె నోట్లో పెట్టదు. అరచేతిలో చుక్క వేసుకుని చప్పరిస్తుంది. గరిటె నాకుతూ ఎవరైనా దొరికారా, వాళ్ళ పని అయినట్టే. ఇంటికొస్తే ఆ నియమాలన్నీ చెప్పులతోపాటు గుమ్మం బయటే ఉండిపోయేవి. మామయ్య గిన్నెలోంచి మొదటి చెంచా ఆవిడది. అదే చెంచా మళ్ళీ గిన్నెలోకి, ఆయన నోట్లోకి. "మొగుడూ పెళ్ళాల మధ్య ఎంగిలేమిటే?" అని కోడలినైన నన్నే దబాయించేది.

మామయ్య తాళాలు బాగుచేస్తారు. కడుపులో మంట ఆయనకి పాత చుట్టం. చెప్పకుండా వస్తుంది, పొమ్మన్నా పోదు. కడుపులో క్రిమి చేరిందని డాక్టరు మందులిచ్చారు. పోయిందని పరీక్షలో కూడా తేలింది. కొన్నాళ్ళకి మళ్ళీ మొదలు.

"ఇద్దరం ఒకే తిండి తింటున్నాం కదండీ! నాకు లేని మంట మీకెక్కడిది? మీరు గోరంతలు కొండంతలు చేస్తారు," అనేది అత్తయ్య. మామయ్య నవ్వేసేవారు. వింటున్న నాకు ఒళ్ళు మండేది.

ఓ మధ్యాహ్నం దుకాణంలో తాళంచెవి అరగదీస్తూనే ఆయన వాంతి చేసుకున్నారు. కాఫీ పొడి కలిపినట్టు నల్లగా ఉంది. భోజనం క్యారేజీ తీసుకెళ్ళిన నేనే ఆయన్ని ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. కబురు విని అత్తయ్య కట్టుకున్న ఏప్రన్‌తోనే ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చింది. కడుపులో పుండు నుంచి రక్తం కారుతోందన్నారు. గొట్టం వేసి ఆపారు. మనిషి దక్కాడు.

ఈసారి డాక్టరమ్మ ఇంట్లో అందరినీ పరీక్ష చేయించుకోమంది. ఊపిరిలో ఆ క్రిమి జాడ తెలుస్తుందట, తలా ఓ సంచీలోకి ఊదాం. నాకూ మా ఆయనకీ ఏమీ లేదు. అత్తయ్యకి ఉంది.

"మీ మిషను చెడిపోయిందేమో చూసుకోండమ్మా," అంది అత్తయ్య. "నాకు ఏనాడూ కడుపులో చురుక్కుమన్నది కూడా లేదు."

"అదేనమ్మా సంగతి," అంది డాక్టరమ్మ. "క్రిమి చేరితే దాన్ని తరమడానికి మన ఒంట్లో కాపలా కణాలు వస్తాయి. ఆ మంట చాలావరకు వాటి కొట్లాటే. ఇక చాలు అని వాటిని వెనక్కి లాగే కణాలూ ఉంటాయి. మీలో అవి గట్టివై ఉంటాయి. అందుకే గొడవ లేదు, క్రిమి మాత్రం హాయిగా కాపురం ఉంది. ఆయన ఒంట్లో ఆ కొట్లాట ఆపేవాళ్ళు తక్కువయ్యారు."

"మరి ఆయనకి... నా నుంచేనా?"

"ఎవరి నుంచి ఎవరికో తేల్చి చెప్పలేం. మీ నుంచి కూడా కావచ్చు. ఇద్దరూ కలిసి మందులు వాడండి. ఒకే చెంచా మాత్రం మానేయండి."

అత్తయ్య ముఖంలో నెత్తుటి చుక్క లేదు. నేనూ నిర్ఘాంతపోయాను. ఇన్నేళ్ళూ ఆవిడ నోటిదురుసు చూసి మండిపడ్డానే కానీ, ప్రేమగా పెట్టిన ఆ చెంచాలో జబ్బు ఉంటుందని ఒక్కనాడూ అనుమానించలేదు.

ఆయన్ని ఇంటికి తెచ్చాక అత్తయ్య జావ కాచింది. మామయ్య అలవాటు కొద్దీ మొదటి చెంచా తీసి ఆవిడ నోటి దగ్గర పెట్టారు. ఆవిడ ఉలిక్కిపడి ఆయన చెయ్యి తోసేసింది. జావ దుప్పటి మీద ఒలికింది.

"కోపమా?" అన్నారాయన బిత్తరపోయి.

"మీ జబ్బు నా ఎంగిలి వల్లేనేమోనండీ," అంది. ఆ తర్వాత డాక్టరమ్మ చెప్పిందంతా ఏడుస్తూ ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆయన దుప్పటి మీది జావ తుడుస్తూ అంతా విన్నారు.

"జబ్బు పంపితే పంపావు," అన్నారు చివరికి. "ఆ కొట్లాట ఆపేవాళ్ళని కూడా ఓ నలుగురిని పంపకపోయావా?"

నాకు నవ్వొచ్చింది. అత్తయ్య నవ్వలేదు. కొత్త చెంచా కడిగి తెచ్చి, జావలో ఉప్పు సరిపోయిందో లేదో మొదటిసారి ఆయన్నే అడిగింది.