విరుదునగరంలోనే కంటానన్నాను

రెండో కానుపుకు విరుదునగరం పోతానని నేను చెప్పినప్పుడు మా అత్త నడవలో కూర్చుని పత్తిలోని ఆకుతుక్కు ఏరుతోంది. చేతిలో పత్తి అలాగే పట్టుకుని తల ఎత్తింది.

"ఏమంటివి?"

"విరుదునగరంలో నర్సమ్మ దగ్గిర కంటా అత్తా. మా యమ్మతో మాట్లాడేసినా."

"మాట్లాడేసినావా? నాకు చెప్పేదానికి ముందేనా?"

"ఇప్పుడు చెప్తా ఉండా కదా."

ఆమె మళ్ళీ తుక్కు ఏరడం మొదలుపెట్టింది. మా అత్త కేకలేసే మనిషి కాదు. నోరు మూసుకుని పని చేసుకుంటోందంటే మాత్రం ఇంట్లో అందరూ దూరంగా తిరిగేవారు.

అత్త అంటే నాకు పరాయిదేమీ కాదు, మా నాన్న సొంత అక్క. నేను పుట్టిన ఇంట్లోనే ఆమె కూడా పుట్టింది. విరుదునగరానికి మైలు దూరంలో ఉన్న ఆ ఊరి నుంచి కోవిల్‌పట్టి దగ్గరి ఈ నల్లరేగడి ఊరికి ముందు ఆమె కోడలిగా వచ్చింది, ఇరవై ఏళ్ళ తర్వాత ఆమె కొడుక్కి నన్ను తెచ్చుకుంది. ఇంట్లో మాది తెలుగు. గడప దాటితే అరవం. నేను చెబుతున్నది ముప్పైల నాటి మాట. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళుంటాయి.

మొదటి కానుపు మా వాడుక ప్రకారం పుట్టింట్లో జరగాలి. ఆ ఏడు మా అమ్మ ఇంట్లో అమ్మవారు పోసింది. అందుకని నన్ను పంపలేదు. కొట్టం పక్కన గాలి ఆడని చిన్న గదిలో, కిటికీకి గోనెపట్టా కట్టి, అందులో పడుకోబెట్టారు. రెండు రోజులు నొప్పులు పడ్డాను. బిడ్డకు కాళ్ళు ముందు వచ్చాయి. మగబిడ్డ. ఏడవలేదు. మా అత్త నా తల నిమిరి, "పోనీలే, మళ్ళా వాడే పుడ్తాడు" అంది. ఆమె ఓదార్పుగానే అందని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం ఆ చేతిని విదిలించి కొట్టాలనిపించింది. మళ్ళీ వాడే ఎందుకు పుడతాడు? వాడు వాడే. వచ్చాడు, పోయాడు.

అందుకే రెండోసారి నెల తప్పగానే ఆ గదిలోకి అడుగు పెట్టనని నాలో నేను అనుకున్నాను. పైకి చెప్పడానికి ఏడు నెలలు పట్టింది.

ఎనిమిదో నెల వచ్చేసరికి చిత్తిరై నెల, నడివేసవి ఎండలు. రేగడి నేల బీటలు వారి వేడి కక్కుతోంది. నా కాళ్ళు చీలమండల దగ్గర నుంచి ఉబ్బిపోయాయి. వేలితో నొక్కితే గుంట పడి, అది పూడటానికి చాలాసేపు పట్టేది. మెట్టెలు వేళ్ళలో దిగబడిపోయాయి. వేళ్ళు ఎర్రగా కంది, అడుగు తీసి అడుగు వేస్తే కళ్ళ నీళ్ళు వచ్చేవి. ఆముదం రాసి లాగినా కదల్లేదు. చివరికి ఒకరోజు పొద్దున్నే మా బావను, అంటే నా మొగుణ్ణి, అరుగు మీద కూర్చోబెట్టి ఆయన ఒళ్ళో కాలు పెట్టాను. ముళ్ళు పీకే పటకారుతో ఆయన మెట్టెలు విప్పదీస్తున్నాడు. మా అత్త బయటికి వచ్చి చూసింది.

"అయ్యయ్యో! మొగుడు ఉండంగా మెట్టెలు తీసేది యాడన్నా ఉండాదా?"

"మొగుడే తీస్తా ఉండాడు అత్తా. ఆయప్పనే అడుగు."

మా బావ తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పని ఆపకుండా రెండో కాలు అందుకున్నాడు. ఆ మనిషి నోటితో ఎవరినీ ఎదిరించింది లేదు. చేతులతోనే ఏదైనా చెప్పేవాడు.

తిండి దగ్గర ఇంకో తగువు. ఆఖరి నెలల్లో తల్లి తక్కువ తింటే బిడ్డ చిన్నదిగా ఉండి సులువుగా బయటపడుతుందని మా అత్త నమ్మకం. సజ్జ సంగటి ముద్ద నాకు సగం చేసి పెట్టేది. నాకేమో ఆకలి మండిపోయేది. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు అందరూ తింటుండగానే లేచి వెళ్ళి కుండలోంచి ఇంకో ముద్ద తీసుకుని, దాని మీద మజ్జిగ పోసుకుని ఆమె ఎదురుగానే కూర్చుని తిన్నాను. పోయినసారి ఆమె మాట విని సగం కడుపుతోనే ఉన్నాను. బిడ్డ చిన్నగానే పుట్టాడు. ఏం లాభం? ఆ మాట అనలేదు కానీ నా మొహంలో ఆమెకు కనబడే ఉంటుంది. మర్నాటి నుంచి ముద్ద సగం కాలేదు.

వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు. గుండెల్లో మంట గొంతు దాకా ఎగదన్నేది. పిక్కలు పట్టేసేవి. పడుకునే వీలు లేక నడవలో పోసిన పత్తికుప్పకు దుప్పటి కప్పి, దానికి ఏటవాలుగా ఆనుకుని కూర్చున్నాను. ఒళ్ళు మేఘం మీద పెట్టినట్టు ఉంది. ఎన్నో రోజుల తర్వాత పట్టపగలు కళ్ళు మూతలు పడ్డాయి. పత్తి నలిగిపోతుందని, పగటి నిద్ర బిడ్డకు మంచిది కాదని మా అత్త రెండు మూడు సార్లు లేపింది. నాలుగోసారి నేను కళ్ళు తెరవకుండానే, "పత్తి నలిగితే మళ్ళా విదిలిస్తా. నన్ను లేపొద్దు" అన్నాను. ఆ తర్వాత ఆ కుప్ప నాదే అయింది.

తొమ్మిదో నెలలో మా అత్త మంత్రసానిని పిలిపించింది. ముసలామె. ఊళ్ళో సగం మందిని ఆమె చేతులే బయటికి తెచ్చాయి. వాళ్ళ ఇంట అరవమే అయినా మా వీధుల్లో తిరిగి తిరిగి మా తెలుగు మాట్లాడేది. నాకు మొదటి కానుపు చేసింది కూడా ఆమే. ఆమె మీద నాకు కోపం ఉండేది. పలకరిస్తే ముక్తసరిగా ఊ కొట్టాను.

ఆమె చేతికి ఆముదం రాసుకుని నా కడుపు మీద మెల్లగా తడిమింది. ఒక పక్క ఆగింది. ఇంకో పక్క ఆగింది. మళ్ళీ మొదటికి వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ మా అత్త, "ఎట్ల ఉండాది?" అని అడిగింది.

మంత్రసాని లేచి నిలబడింది. చేతులు కొంగుకు తుడుచుకుంది.

"పెద్దమ్మా, బిడ్డె అడ్డంగా పండుకొని ఉండాది. నా చెయ్యికి ఇది రాదు. పోయిన తూరి నా వల్ల కాలేదు. ఈ తూరీ ఆ పాపం నేను మొయ్యలేను. ఈ పిళ్ళని పంపించెయ్యి."

"నీకు ఇది చెప్పి పెట్టిందా?" అని మా అత్త నా వైపు వేలు చూపించింది.

"ఎవురూ చెప్పలా. నా చేతులు చెప్పినాయి."

ఆ మాట అనడానికి ఆమెకు ఎంత ధైర్యం కావాలో నాకు ఆ క్షణంలో తెలిసింది. తన పని తనకు చేతకాదని, తనకు కూలి గింజలు పోసే ఇంట్లో నిలబడి చెప్పింది. రెండేళ్ళుగా ఆమె మీద పెంచుకున్న కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. "నువ్వూ నాతో రా అవ్వా" అన్నాను. ఆమె తల ఊపింది.

మా అత్త మాత్రం మెత్తబడలేదు. "రెండో కానుపు మొగుడింట్లో. అది దా మన వాడుక. ఊరు సనం ఏమనుకుంటారు, మేము చూసుకోలేక పంపినామనా?"

"మొదటిది పుట్టింట్లో జరగలేదు కదా అత్తా. అది ఇప్పుడు జరగతాది, అనుకో."

"గడప దాటినావంటే మళ్ళా నువ్వే దాటి రావాల. నేను పిలిచేదానికి రాను."

"నువ్వు పిలవొద్దు. నేనే వస్తా. బిడ్డతో వస్తా."

అప్పటికే పాత మెత్తటి చీరలు చింపి, ఉడకబెట్టి, ఎండలో ఆరేసి మూట కట్టి పెట్టుకున్నాను. ఒక రాగి చెంబు, వేయించిన వేరుశనగలు, తాటిబెల్లం. మర్నాడు పొద్దున మూట చేత పట్టుకుని వాకిట్లోకి వచ్చాను. మా బావ ఎడ్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"బండి కట్టు బావా."

"అమ్మ ఒద్దంటా ఉంది..."

"సరే. నేను నడుస్తా."

నడవడం మొదలుపెట్టాను. మంత్రసాని నా చేతిలో మూట లాక్కుని నెత్తిన పెట్టుకుంది. కోవిల్‌పట్టి స్టేషను అక్కడికి రెండు కోసులు, నాలుగైదు మైళ్ళు. నేను అంత దూరం నడవలేనని నాకు తెలుసు, ఆమెకు తెలుసు. ఊరి చివరి పొలం దాటేలోపే నడుము విరిగిపోతున్నట్టు అయింది. పత్తి చేలో పనిచేస్తున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి మమ్మల్నే చూస్తున్నారు. వాళ్ళు చూస్తున్నారనే ఆగలేదు. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని, బాతులా, ఒక్కో అడుగే వేశాను.

వెనక ఎడ్ల మెడగంటలు వినిపించాయి. బండి వచ్చి పక్కన ఆగింది. మా బావ పగ్గాలు బండికి చుట్టాడు. దిగి, బండిలో గడ్డి సర్ది, నన్ను ఎక్కించాడు. గడ్డి మీద, నేను ఆనుకునే పత్తి, గోనెలో నింపి, దిండులా కట్టి ఉంది.

రైల్లో ఎవరో పెద్దమనిషి, బెంచీ మీద చాపిన నా కాళ్ళు చూసి తీయమన్నాడు. నేను చీర కుచ్చెళ్ళు కాస్త పైకి లాగి ఆ వాచిన పాదాలు చూపించాను. ఆయన లేచి వేరే చోటుకు వెళ్ళాడు. సాత్తూరు దాటాక మంత్రసాని మొదటిసారి నవ్వింది.

విరుదునగరంలో నర్సమ్మ, కానుపులు చేయడం చదువుకున్న నర్సు, తెల్లచీర కట్టుకుని, బజారు వెనక వీధిలో రెండు మంచాలున్న ఇంట్లో ఉండేది. అరవ కిరస్తానీ ఆమె. పొట్టిగా ఉండేది, గట్టిగా మాట్లాడేది. నా కడుపు చూసి మంత్రసాని చెప్పిన మాటే చెప్పింది. "ఇది ఎవరు కనిపెట్టారు?" అని అడిగితే నేను మంత్రసానిని చూపించాను. నర్సమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, తల ఎక్కడుందో, వీపు ఎక్కడుందో ఇద్దరూ కలిసి తడిమి చూశారు. ఆ వారంలో మా అమ్మ ఇంటి నుంచి మూడుసార్లు బండిలో నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. మూడోసారి ఆమె రెండు చేతులతో మెల్లమెల్లగా నెడుతూ బిడ్డను తిప్పింది. లోపల ఒక పెద్ద చేప ఒత్తిగిలినట్టు అయింది. బిడ్డ మళ్ళీ అడ్డం తిరగకుండా గుడ్డతో కడుపు కట్టింది.

మా అమ్మ ఆ రోజులన్నీ మంత్రసానికి వసారాలో చోటిచ్చింది, లోపలికి రానివ్వలేదు. నేనూ రమ్మనలేదు. అప్పుడు అది తప్పని కూడా తోచలేదు. అంత ఎదిరించిన దాన్ని, ఆ ఒక్కటి ఎదిరించలేదు. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

తెల్లవారి నొప్పులు మొదలైతే నర్సమ్మ ఇంటికి పోయాం. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఆడపిల్ల పుట్టింది. కిటికీ తెరిచే ఉంది. నర్సమ్మ మంత్రసాని చేత మోచేతుల దాకా సబ్బుతో కడిగించి నా భుజాలు పట్టుకోమంది. బిడ్డ ఏడ్చింది. అది ఏడ్చిన ఏడుపుకు పక్క వీధిలో బేరాలు ఆగిపోయి ఉంటాయని మంత్రసాని తర్వాత అందరికీ చెప్పుకునేది.

మా బావ మూడో రోజున వచ్చి చూసి వెళ్ళాడు. పన్నెండో రోజున మా అత్త మా అమ్మ ఇంటికి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక రైలెక్కడం ఆమెకు అదే మొదలు. చేతిలో వెల్లుల్లి, మిరియాలు, తాటిబెల్లం మూట. నా మొహం చూడకుండా నేరుగా ఉయ్యాల దగ్గరికి పోయింది.

"ఆడపిళ్ళా?"

"ఆడపిళ్ళే. బతికి ఉండే పిళ్ళ."

ఆమె చాలాసేపు వంగి చూసింది. "ముక్కు మా నాయనది" అంది. అంటే మా తాతది. ఆ ముక్కు మీద నాకెంత హక్కుందో ఆమెకూ అంతే ఉంది. అది మాత్రం నేను కాదనలేదు.

మంచం పక్కన నీళ్ళ చెంబు చూసి ఆమె ఉలిక్కిపడింది. "పచ్చి బాలింతకి నీళ్ళా? వొళ్ళు ఉబ్బతాది! నలభై దినాలు గుక్కెడు కంటే ఎక్కువ ఈకూడదు."

"నర్సమ్మ తాగమనింది."

"నర్సమ్మ పిళ్ళల్ని కనిందా?"

"కనింది అత్తా. నలుగుర్ని."

చెంబు ఎత్తి ఆమె చూస్తుండగానే సగానికి పైగా తాగాను. నోరు తుడుచుకుని, "తర్వాతదీ ఇక్కడ దా కంటా" అన్నాను.

మా అత్త మూట విప్పి, నేల మీద కూర్చుని వెల్లుల్లి వలవడం మొదలుపెట్టింది. నలభై ఒకటో రోజున మా బావ వచ్చి తీసుకుపోయాడు. ఎవరూ పిలవలేదు. ముందే చెప్పినట్టు నేనే గడప దాటాను. తర్వాత ఇద్దర్ని కూడా విరుదునగరంలోనే కన్నాను. మూడో కానుపుకు బండిలో గడ్డి సర్దింది మా అత్తే. సర్దుతూ ఉన్నంతసేపూ నన్ను తిడుతూనే ఉంది.