తెల్లోడి మూపురం మీద వేలిముద్ర

మా చిన్నప్పుడు ఆదివారమంటే పొద్దున్న చర్చి, మధ్యాహ్నం నుంచి మా పెద్దమ్మ రంగులపెట్టె...

పెద్దమ్మ నర్సీపట్నంలో డ్రాయింగ్ టీచరు. చెరుకుతోటలు, జీడిపిక్కలేరే ఆడవాళ్లు, కళ్లాలు... ఇవే ఆమె బొమ్మలు. ముందు పొలంగట్టున కూర్చుని నీటిరంగుల్లో వేసేది. తర్వాత ఇంట్లో దాన్ని ఎదురుగా పెట్టుకుని, అదే బొమ్మను నూనెరంగుల్లో నెమ్మదిగా పెద్దది చేసేది.

ఒక ఆదివారం ఊరి చివర రైతు అప్పల్నాయుడు గారు మా గుమ్మంలోకి వచ్చారు. దుక్కికి ట్రాక్టరు వచ్చేసిందని తన తెల్ల ఎద్దును అమ్మేశారట. కొయ్యూరు నుంచి కొన్నవాళ్లు సాయంత్రానికి వచ్చి తోలుకుపోతారు.

"టీచరమ్మగారూ, మా తెల్లోడి బొమ్మ బేగి ఏసేయాలండీ. పొద్దుగూకితే ఉండడు."

అన్నం సగంలో వదిలేసి బయల్దేరింది పెద్దమ్మ. వెనకాలే నేను.

నాయుడుగారి పొలంగట్టున కూర్చుని, ముందు కాగితం పైభాగం తడిపి నీలం తాకించింది. ఆకాశం దానంతటదే పాకింది... ఆ తడి ఆరకముందే దూరపు కొండలు, తర్వాత తాడిచెట్టు, గట్టు. ఎద్దు ఒక్కచోట నిలబడితేగా!

"నాయుడుగారూ, ఫోటో స్టూడియోలో కూర్చున్నట్టు కదలకుండా ఉండమని మీవాడికి చెప్పండి!"

"నా మాట ఏ రోజైనా ఇన్నాడేటండీ!"

నవ్వుతూ కాగితంలోకి వంగిన ఆయన నవ్వు ఆగిపోయింది. "ఏటమ్మగారూ... సెట్టేసినారు, గట్టేసినారు, మా తెల్లోడేడండీ? ఆల్లొచ్చేత్తన్నారు!"

నిజమే. అన్నీ ఉన్నాయి, మధ్యలో ఎద్దంత ఖాళీ.

పెద్దమ్మ లేత ఊదారంగు తీసి ఆ ఖాళీలో పొట్ట కింద నీడ వేసింది. గంగడోలుకు రెండు మడతలు, కంటికి ఒక నల్లచుక్క... అంతే! కాగితం తెలుపే ఎద్దయి నిలబడింది.

"నీటిరంగుల్లో తెలుపు వెయ్యమండీ. ముందే దాచుకుంటాం" అంది.

కొయ్యూరు వాళ్లు పగ్గం అందుకునేసరికి కాగితం ఇంకా తడిగానే ఉంది.

నూనెరంగుల పని దీనికి పూర్తిగా ఎదురు. ముదురు నీడలు ముందు, తెలుపు ఆఖరున. ఆ వానాకాలమంతా మా ఇంట్లో అవిసెనూనె, టర్పెంటైను వాసనే... ఒక పూత ఆరితే గానీ మరోటి వెయ్యకూడదు. వానలకు అది ఆరదు. పెద్దమ్మ మాత్రం ఒక్కసారీ విసుక్కోలేదు. చివరికి మూపురం మీద తెలుపును వెన్నలా దట్టంగా పెట్టి కుంచె దించింది.

చూడ్డానికి వచ్చిన నాయుడుగారు బొమ్మకు బాగా దగ్గరగా జరిగారు. రోజూ తట్టిన అలవాటేమో... చెయ్యి దానంతటదే వెళ్లి మూపురం మీద ఆనింది.

"అయ్యబాబోయ్, పచ్చిగుందండీ! పాడుసేసేసినానమ్మగారూ!" కంగారుగా తన బొటనవేలు చూసుకున్నారు.

సరిచేస్తుందేమో అనుకున్నాను. పెద్దమ్మ కుంచెలు కడగడానికి లేచింది.

"ఉండనివ్వండి. ఆ చోటు మీదే కదా."

మొన్న నాయుడుగారింటికి వెళ్లి, గోడ మీదున్న ఆ బొమ్మ చూశాను. కిటికీ వెలుతురు పక్కనుంచి పడితే ఆ వేలి గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి...

నా ఫోనులో ఎన్నో ఫోటోలున్నాయి. ఎంత ప్రేమగా తాకినా పక్కకు జరిగిపోతాయి, ఇంకోటి వస్తుంది... మీ ఇంటి గోడ మీద ఎవరి చెయ్యి తగిలిన బొమ్మ ఉందో, కాస్త చెప్పరూ?