మీవాళ్లెవరో ఇమ్మన్నారండి

"ఆయ్, పేదరాల్ని మాట్లాడుతున్నానండి."

పొద్దున్నే ఫోనెత్తగానే వినపడిన మాట అది. గొంతు మా మేనత్తది. అమ్మ పోయాక ఆరో ఏటి నుంచి పదో తరగతి దాకా నన్ను పెంచిన మనిషి. యాభై ఏళ్లు దాటిన నా బతుకులో ఆవిడ నన్ను ‘అండి’ అనడం అదే మొదలు. మా కోనసీమలో అడ్డమైనవాళ్లనీ ‘అండి’ అంటాం గానీ, పెంచిన పిల్లని అనం. అన్నామంటే మొహం మీద తలుపేసినట్టే.

"మీరు నా ఫొటో అచ్చేయించిన అట్టముక్క చూసేనండి. చాలా బాగుందండి. ఇంక నా మగ్గం మీద మీ గుడ్డ దిగదండి. ఉంటానండి."

పెట్టేసింది. చేతిలో కాఫీ అలాగే చల్లారిపోయింది.

హైదరాబాదులో నాకో చిన్న బట్టల వ్యాపారం ఉంది. మా ఊరి నేత గుడ్డతో, పూసల వరసలా ఉండే రుద్రాక్ష అంచు పెట్టి కుర్తీలు, చొక్కాలు, చంటిపిల్లల గౌన్లు కుట్టించి అమ్ముతాను. అమలాపురం పక్కనున్న మా ఊళ్లో ఆరిళ్లవాళ్లు నా కోసం నేస్తారు. ఆరిళ్లకీ మా అత్త మాటే మాట. వచ్చిన లాభంలో కొంత మళ్లీ మా ఊరికే ఇవ్వాలని మొదట్లోనే అనుకున్నాను. అక్కడి మగ్గాలు నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు పెట్టుకుని నేసేవి. వానాకాలం వచ్చిందంటే ఆ గుంటల్లో నీళ్లూరతాయి, పని ఆగిపోతుంది. గుంట లోపల సిమెంటు చేయించి, చుట్టూ నేల ఎత్తు చేయిస్తే ఆ బాధ తప్పుతుంది. ఇంతవరకూ నా బుద్ధి బాగానే ఉంది.

ఆ తర్వాతే గడ్డి తింది. కిందటి వానల్లో ఊరెళ్లినప్పుడు, అత్త గుంటలో మోకాటి లోతు నీళ్లల్లో నిలబడి చెంబుతో తోడుతుంటే ఫొటో తీశాను. దాన్ని అట్టముక్క మీద అచ్చేయించి ప్రతి కుర్తీకీ వేలాడదీశాను. కింద ఒక వాక్యం: ‘ఈ బట్ట కొనండి, నేత నేసే ఒక పేదరాలి కన్నీరు తుడవండి.’ రాసింది నేనే. కన్నీరు కూడా నేను కల్పించిందే. ఆవేళ అత్త ఏడవలేదు, గుంటలోకి దూకిన కప్పని తిడుతోంది.

ఆ ముక్క కొత్తపేటలో ఒక పెళ్లిలో బయటపడింది. నా దగ్గర కుర్తీ కొన్న అమ్మాయెవరో భోజనాల బంతిలో అత్తని గుర్తుపట్టి, "మామ్మగారూ, ఇది మీరేనా అండి? అయ్యో పాపం!" అని బ్యాగులోంచి తీసి నలుగురిలో చూపించిందట. అంతటితో ఆగక, లేచి వెళ్లేటప్పుడు చేతిలో ఓ నోటు పెట్టబోయిందట. అత్త విస్తరి మడిచేసి లేచొచ్చేసింది. ఈ సంగతంతా అత్త పక్కింటివాళ్లు ఫోన్ చేసి చెప్తే, ఆ రాత్రి బస్సుకే బయల్దేరాను. మిగిలిన అట్టముక్కలన్నీ సంచిలో వేసుకున్నాను. ఆ గుడ్డ ఆగిపోతే నా వ్యాపారం మూతబడుతుంది. నిజం చెప్పాలంటే నా భయం అది కాదు. ఆవిడ నన్ను మళ్లీ ‘ఏవే’ అంటుందా, అనదా?

అమలాపురంలో దిగి, పెద్దాసుపత్రి ముందు నుంచి ఆటోలో పోతుంటే నా చిన్నతనం కళ్లముందుకొచ్చింది. తెల్లారగట్ల వీధి పొడుగునా పడుగు దారాలు సాగదీసి గంజి పెట్టేవారు. ఆ పుల్లటి వాసన ఇప్పుడు తగిలినా నాకు ఆకలేస్తుంది. బడి నుంచి రాగానే నూలు కండెలు చుట్టడం నా పని. పడుగు చివర మూరో మూరన్నరో మిగిలేది. చీరకి చాలదు, అమ్మడానికి పనికిరాదు. మిగతా ఇళ్లల్లో మసిగుడ్డలకి వాడేవారు. మా అత్త మాత్రం దాన్ని కూడా అంచు వేసి మరీ నేసి, గంజి పోయేదాకా ఉతికి, మడతపెట్టి దాచేది. నాలుగు ముక్కలు పోగవగానే ఆదివారం నన్ను వెంటేసుకుని ఈ ఆసుపత్రికే వచ్చేది.

కాట్రేనికోన వైపు నుంచి, సముద్రం మీద వేటకెళ్లే ఇళ్ల ఆడవాళ్లు పురుడుకి వచ్చేవారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్లుంటే అత్త కంటికి ఇట్టే ఆనేవారు. మంచం దగ్గరికి వెళ్లి, "అమ్మా, మీవాళ్లెవరో ఇది ఇమ్మన్నారండి. బస్సుకి టైమైపోయిందని నా చేతిలో పెట్టి వెళ్లిపోయేరు" అనేది.

"ఎవరండి?"

"పేరు చెప్పలేదండి. ఎర్రగా, పొడుగ్గా ఉన్నారు."

ఎర్రగా పొడుగ్గా ఉండే చుట్టం ప్రతి ఇంటికీ ఒకరుంటారు కాబోలు, మా పెదనాన్న కొడుకై ఉంటాడనో, మా వదినై ఉంటుందనో వాళ్లే తేల్చేసుకుని, నవ్వుకుంటూ బిడ్డకి చుట్టేవారు. బస్టాండులో నాకు జీళ్లు కొనిపెడుతుంటే ఒకసారి అడిగాను, అబద్ధం ఎందుకాడేవత్తా అని.

"ముక్కూ మొహం తెలీనిదాని దగ్గర తీసుకోవాలంటే చెయ్యి చాచాలే. చుట్టం పంపితే చాచక్కర్లేదు. తిను, తిను, బస్సొచ్చేస్తోంది."

ఆటోలో కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ చేతి ముద్ద తిని, ఆవిడ చేత చెయ్యి చాపించాను.

ఇంటికెళ్తే అత్త ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, చెంగుతో తుడిచి వేసింది. "కూర్చోండి. ప్రయాణం బాగా జరిగిందా అండి?" చుట్టాలకి తీసే గాజుగ్లాసులో కాఫీ ఇచ్చింది. మగ్గం మీద గుడ్డ సగంలో ఆగి ఉంది.

"తిట్టత్తా," అన్నాను. "చెంప మీద ఒక్కటియ్యి."

"మిమ్మల్ని తిట్టడానికి నేనెవర్నండి?"

బావురుమన్నాను. ఆవిడ గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది. ఏం చెయ్యాలో తోచక సంచి పట్టుకుని పెరట్లోకి వెళ్లి, అట్టముక్కల్ని గుప్పెళ్లతో తీసి నీళ్లపొయ్యిలో వెయ్యడం మొదలెట్టాను. పెరడంతా పొగ. దగ్గుతుంటే వెనక నుంచి గొంతు వినపడింది.

"అలా కుక్కేస్తే మండదండి. కింద కొబ్బరిపీచు వెయ్యండి."

ఇద్దరం కూర్చుని ఆవిడ మొహాలన్నీ కాల్చాం. ఆ నీళ్లతోనే స్నానం చేశాను. సాయంత్రానికి మగ్గం చప్పుడు మొదలైంది, నా ప్రాణం లేచొచ్చింది. కానీ ‘అండి’ మాత్రం దిగలేదు. ఆటో ఎక్కుతుంటే, "జాగ్రత్తగా వెళ్లండి" అనే అంది.

తిరిగొచ్చాక కొత్త అట్టముక్క వేయించాను. అందులో అంచు పేరు, మా ఊరి పేరు తప్ప ఏమీ లేవు. ఐనవిల్లిలో ఒక తాపీమేస్త్రీని ఫోన్లో మాట్లాడుకుని, ఏం చెయ్యాలో, అడిగినవాళ్లకి ఏం చెప్పాలో రెండుసార్లు అప్పజెప్పించుకున్నాను.

పది రోజుల తర్వాత ఫోన్ మోగింది.

"ఏవే!"

ఫోన్ చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

"ఎవరో మేస్త్రీ వచ్చేడే. సిమెంటూ ఇసకా దింపేసేడు. ఆరిళ్లల్లోనూ గుంటలు బాగుచేస్తాడంట. ఎవరు పంపేరయ్యా అంటే, మీవాళ్లెవరో చెయ్యమన్నారండి అంటాడు."

"ఎవరత్తా?"

"పేరు చెప్పలేదంట. ఎర్రగా, పొడుగ్గా ఉన్నారంట."

నేను నలుపు, పైగా పొట్టి.

"మనవాళ్లే అయ్యుంటార్లే," అంది అత్త. "మేస్త్రీకి అన్నం పెట్టాలి, ఉంటానే."