విసుగొచ్చేంత వాన

పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా పాటలు కట్టుకునే ఇండీ బ్యాండ్లలో ఇంగ్లండువి అసలైనవా, అమెరికావి అసలైనవా అని మా చిన్న ఊరు డోన్‌లో గొంతులు పోయేలా వాదించుకున్నది బహుశా మేమిద్దరమే. నేనూ, విత్తనాల అంగడి వాళ్ళబ్బాయీ. రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు. డిగ్రీలు ముగించి ఖాళీగా ఉన్నాం. బెంగళూరులో చదివే వాడి పెదనాన్న కొడుకు పాటల సీడీలు రైల్లో వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాడు. స్టేషన్‌కు పోయి తెచ్చుకుని, అంగడి పైన మిద్దెగదిలో కరెంటు ఉన్నంతసేపూ వినేవాళ్ళం.

వాడిది ఇంగ్లండు పక్షం. "వాళ్ళు వాళ్ళ ఊరి యాసలోనే పాడ్తారప్పా. మూతబడిన ఫ్యాక్టరీ, బస్టాండు, శనివారం తాగి కొట్టుకునేది, అంతా వాళ్ళ వీధిదే" అనేవాడు. నాది అమెరికా. వాళ్ళు ఇంట్లోనే ఒక మూల కూర్చుని రికార్డు చేసుకుంటారు. గొంతు జీరబోయినా, బయట కుక్క మొరిగినా తీసెయ్యరు. ఎవరికో నచ్చాలన్న తాపత్రయం లేదు. ఇంగ్లండు వాళ్ళయితే తమ ముందుతరం బాణీలకే కొత్త చొక్కా తొడిగి తిప్పుతారని నా ఫిర్యాదు.

"మీవోళ్ళు అందరూ ఒకే తీరుగా ఏడుస్తాండారు. అది కొత్తా?" అని వాడు నా నోరు మూయించేవాడు. అది నాకూ అనిపించేది గానీ చచ్చినా ఒప్పుకునేవాణ్ణి కాదు.

ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. ఎవడి ఊరిని వాడు పాడితేనే అది అసలైన పాట. అందుకని మేమూ ఒకటి కట్టాలి. అది కుదిరితే బెంగళూరు పోయి బ్యాండు పెడతాం. కుదరకపోతే వాడు గల్లాపెట్టె ముందు, నేను ఏదో ఒక ఆఫీసు బల్ల ముందు కూలబడతాం. మా బతుకులు రెండూ ఆ పాట మీదే పెట్టుకున్నాం. నెలల తరబడి కుస్తీపట్టి, నేను ఇంగ్లీషులో రాశాను, వాడు గిటారు మీద బాణీ కట్టాడు.

ఆ ఏడూ వానల్లేవు. ఒక మధ్యాహ్నం వాడి నాన్న అన్నానికి పోతే అంగట్లో మేమే కూర్చున్నాం. ఆలూరు వైపు నుంచి ఒక పెద్దాయన శనక్కాయ విత్తనానికని వచ్చి, కొనాలో వద్దో తేలక మూటల మీద కూర్చుని ఉన్నాడు. మావాడికి ఆత్రం ఆగలేదు.

"మామా, మన డోన్ మీద పాట కట్టినాం. వింటావా?"

"పాడండప్పా."

పాడాం. ఆయన తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

"బాగుండాది. దాంట్లో ఏమని ఉండాది?"

"మా ఊర్లో పొద్దున లేస్తే వాన, మాపటికీ వాన. కిటికీలోంచి చూసి చూసి విసుగొచ్చింది, యాడికన్నా పోదాం..." అని చెబుతూ చెబుతూ వాడి గొంతు సన్నబడిపోయింది. ఆ మాటలన్నీ రాసింది నేను. అది సీడీల్లోని వానే గానీ మా ఊరిది కాదని, తెలుగులో చెప్పేదాకా మా ఇద్దరికీ తట్టలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సరిగ్గా అప్పుడే వీధిలో పిల్లలు రోకలికి వేపమండలతో కప్పను కట్టుకుని, వాన కోసం పాడుకుంటూ వచ్చారు. అంగడి వెనక ఇంట్లోంచి వాడి అమ్మ బయటికొచ్చి కప్ప మీద చెంబెడు నీళ్ళు పోసింది. కింద దుమ్ము ఆ నీళ్ళను అప్పుడే తాగేసింది.

పెద్దాయన వాళ్ళను చూశాడు, మమ్మల్ని చూశాడు. ముఖంలో ఎగతాళి లేదు. ఉంటే బాగుండేది.

"అయితే మీరు గూడా వాన కోసమే పాడ్తాండారు. మంచిది. ఇంగోతూరి పాడండప్పా. ఎవురి పాటకు పడ్తాదో ఏమో."

మళ్ళీ పాడాం. తరవాత ఆయన ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని ఆలూరు బస్సెక్కాడు. వాన రాలేదు.

డోన్ మీద నిజంగా రాద్దామని ఆ తరవాత చాలాసార్లు కూర్చున్నాం. నాపరాళ్ళు, గూడ్సు బండ్లు, దుమ్ము, అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. తెలుగులో నోరు తెరిస్తే సినిమా పాట వచ్చేది, ఇంగ్లీషులో తెరిస్తే వాన వచ్చేది. మాది అంటూ లోపల ఏమీ లేదు. వాడు గల్లాపెట్టె ముందుకు పోయాడు, నేను ఆఫీసు బల్ల ముందుకు వచ్చాను.

ఇంగ్లండా, అమెరికానా అని ఇప్పుడు ఎవరు వాదించుకుంటున్నా అక్కణ్ణించి లేచి వెళ్ళిపోతాను. మేం కట్టింది ఆ ఒక్క పాటే. దాన్ని విన్నది ఆ ఆలూరు పెద్దాయనొక్కడే. రెండోసారి పాడినప్పుడు చేతులు జోడించుకుని విన్నాడు.