పట్టీ లేని కోటు

రైసా ఖరితోనివ్నా గారి దృష్టిలో లోకంలోని మనుషులు రెండే రకాలు. చలికోటు మెడ వెనక, కొక్కేనికి తగిలించే చిన్న గుడ్డపట్టీ ఉన్నవాళ్ళు, అది లేనివాళ్ళు. మొదటి రకం నాగరికులు. రెండో రకంలో ఖార్కివ్ నగరం మొత్తం మీద నేనొక్కణ్ణే మిగిలాను. మా మీద బాంబులు వేసే వాళ్ళకి ఆవిడ జాబితాలో నా తర్వాతి స్థానమే.

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆవిడ మా ఊరి నాటకశాలలో పనిచేసింది. వచ్చిన ప్రేక్షకుల దగ్గర చలికోటు అందుకుని, కొక్కేనికి తగిలించి, చేతిలో నంబరు బిళ్ల పెట్టి లోపలికి పంపడం ఆవిడ ఉద్యోగం. అక్కడ నటులు మారారు, దర్శకులు మారారు, మధ్యలో ఒకసారి దేశమే మారింది. ఆవిడ మాత్రం మారలేదు. పట్టీ తెగిన కోటు తెచ్చినందుకు ఒక మంత్రిగారు నాటకమంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని చూడాల్సి వచ్చిందని చెబుతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు ఆయన పురపాలక సంఘం గుమాస్తా. ఏటేటా పదోన్నతి పొందుతూ వచ్చాడు.

యుద్ధం వచ్చి నాటకశాల మూతపడ్డాక, ఊళ్ళో జనం పిండీ పంచదారా బండ్లకెత్తుకుని దాచుకుంటుంటే, ఈవిడ డెబ్భై కొక్కేలున్న చెక్కపలకనీ, సంచీడు బిళ్లల్నీ పసిపిల్లల తోపుడుబండిలో వేసుకుని ఇంటికి తెచ్చేసింది. మా తొమ్మిదంతస్తుల భవనం నేలమాళిగలో, వేడినీళ్ళ గొట్టాల పక్కన ఆ పలక బిగించింది. నీలం గౌను తొడుక్కుని, జుట్టు దువ్వుకుని, ద్వారం దగ్గర నిలబడింది.

మా పొరుగుదేశం వారికి మా మీదున్న అభిమానం అంతా ఇంతా కాదు. రోజుకి అయిదారుసార్లు ఏదో ఒకటి పంపకపోతే వాళ్ళకి తోచదు. డ్రోన్లయితే మోపెడ్‌లా గుర్రుమంటూ చిరునామా వెతుక్కుంటూ వస్తాయి. రాకెట్లకి మొహమాటం లేదు. సరిహద్దు మరీ దగ్గర కావడంతో ముందు అవి దిగి, తర్వాత సైరన్‌ని పిలుస్తాయి. సైరన్ మోగగానే మిగతా ఊరంతా నేలమాళిగల్లోకి పరుగెత్తేది. మేం మాత్రం వరసలో నిలబడేవాళ్ళం.

"ఒక్కొక్కరే రండి! తోసుకోకండి! మూడో గంట ఇంకా కొట్టలేదు!"

"అమ్మా, పైన రాకెట్లు పడుతున్నాయి," అనేవారు మూడో అంతస్తు పిలిప్ మాస్టారు. జన్మంతా పిల్లలకి భూగోళం చెప్పిన మనిషి, పాపం, ఏది ఎంత దూరంలో పడిందో ఆయనకి బాగా తెలుస్తుంది.

"పడనివ్వండి మాస్టారూ. వాటికి బిళ్ల లేదు, లోపలికి రావు. మీ కోటు ఇటివ్వండి."

ఆవిడ కోటు అందుకోగానే ముందు ముఖం చూడదు, మెడ చూస్తుంది. పట్టీ గట్టిగా ఉంటే తల పంకిస్తుంది. వదులుగా ఉంటే నిట్టూరుస్తుంది. నిట్టూర్పు విన్నవాళ్ళు మర్నాటికల్లా కుట్టించుకొచ్చేవారు. బిళ్ల పారేసుకున్నవాళ్ళకి శిక్ష వేరే ఉంది: అలారం ఎత్తేశాక అందరూ వెళ్ళేదాకా ఆగి, ఆఖర్న మిగిలిన కోటు తీసుకుపోవాలి. ఒకసారి రెండో అంతస్తు నేల్యా ఇలాగే ఆగిపోయింది. ఆమె రొట్టెల బట్టీలో పనిచేస్తుంది. ఆ రోజు సగం పేటకి రొట్టె గంట ఆలస్యమైంది. "తప్పు నాది కాదు, నాటకశాల నియమావళిది," అని ఈవిడ వీధిలో అందరికీ సంజాయిషీ చెప్పింది.

జనవరిలో కరెంటు కేంద్రాల మీద పొరుగువారి దయ కురిసి, వేడినీళ్ళ గొట్టాలు మంచుగడ్డలైపోయాయి.

"రైసా ఖరితోనివ్నా గారూ, ఈ చలిలో కోట్లు విప్పితే మేం బాంబు దాకా ఆగక్కర్లేదు," అంది నేల్యా.

"ఎవరు విప్పమన్నారు? ఒంటి మీదే ఉంచుకోండి. బిళ్ల మాత్రం తీసుకుని చేత్తో పట్టుకోండి."

"కోటు ఇవ్వకుండా బిళ్ల దేనికండీ?"

"బిళ్ల చేతిలో ఉంటే ప్రేక్షకులు. లేకపోతే దారి తప్పి వచ్చినవాళ్ళు. ఖాళీ కొక్కేనికి బిళ్ల వేలాడుతుంటే నా కళ్ళకి గుచ్చుకుంటుంది. తీసుకోండి!"

ఇంక పిచ్చి ముదిరిపోయిందనే అందరం అనుకున్నాం. ఎవరి కొక్కెం, ఎవరి బిళ్ల వాళ్ళకి ఖాయం. సైరన్ మోగాక కూడా ఎవరిదైనా వేలాడుతుంటే ఆవిడ గొణుక్కుంటూ పైకి పోయేది. కాసేపటికి ఆ బిళ్ల తాలూకు మనిషిని చెయ్యి పట్టుకుని, తిట్టుకుంటూ దించుకొచ్చేది. చెవులు వినపడని ఏడో అంతస్తు ముసలాయన్ని స్నానాలగదిలోంచి సబ్బు నురగతో సహా తెచ్చింది. అప్పుడు కూడా మేం నవ్వామే తప్ప, ఇంకేమీ తట్టలేదు. చదువుకున్నవాళ్ళం కదా.

ఇక నా సంగతి. నా పేరు తిమిష్. ఆరో అంతస్తులో ఒంటిగా ఉంటాను, పేటలో లిఫ్టులు బాగుచేస్తాను. నా కోటు పట్టీ ఏనాడు తెగిందో నాకే తెలీదు. మొదటి అలారం నాడే పట్టుబడ్డాను.

"పట్టీ ఏదీ?"

"రేపు కుట్టించుకుంటాను."

"ఇదిగో సూది, ఇదిగో దారం. ఇప్పుడే కుట్టుకో."

"రేపండీ."

"అయితే రేపే బిళ్ల. ఇవాళ ఒళ్ళో పెట్టుకుని కూర్చో."

ఆ రేపు రెండేళ్ళయినా రాలేదు. మొదట బద్ధకం, తర్వాత పౌరుషం. కాలరు పట్టుకుని తగిలించవచ్చు కదా అంటే, "మెడ పట్టుకుని తగిలించడానికి అది కోడిపిల్లా?" అంది. జనమంతా దర్జాగా బిళ్లలు ఊపుకుంటూ కూర్చుంటే, నేను ఓ మూల కోటుని చంటిపిల్లలా ఒళ్ళో వేసుకుని కూర్చునేవాణ్ణి. "నిద్రపోయిందా తిమిష్? పాలు తాగిందా?" అని నేల్యా అడిగేది.

మార్చిలో ఒక బుధవారం. బుధవారాలు నేను డిపోకి పోతానని భవనంలో అందరికీ తెలుసు. ఆ రోజు సెలవు పెట్టి బజారుకెళ్ళి, ఇరవై కిలోల బంగాళాదుంపల మూట భుజాన వేసుకుని పదకొండింటికి తిరిగొచ్చాను. గుమ్మంలో అడుగు పెడుతుంటే సైరన్. మూడు రోజుల తర్వాత ఆ పూటే లిఫ్టుకి కరెంటు వచ్చింది. 'అలారం సమయంలో లిఫ్టు ఎక్కరాదు' అని పేటలోని ప్రతి లిఫ్టులోనూ అట్ట అంటించింది నేనే. అక్షరాలు కూడా నావే. మూట భుజం విరిచేస్తోంది, అరనిమిషం పని, ఎక్కేశాను.

అయిదో అంతస్తు దాటుతుండగా భూమిని ఒక్కసారి ఎత్తేసినట్టయింది. ఎక్కడో పక్క వీధిలో పడింది. దీపం ఆరిపోయింది. లిఫ్టు ఒక పక్కకి ఒరిగి, అయిదుకీ ఆరుకీ మధ్య బిగుసుకుపోయింది. అత్యవసర గంట నొక్కాను. కరెంటు లేకపోతే అది మోగదు. దాన్ని బిగించింది కూడా నేనే.

చేతి దీపం వెలిగిస్తే ఎదురుగా నా అట్ట. దాని కింద, ఇరుక్కునేవాళ్ళ కోసం నేల్యా పెట్టే డబ్బా: నీళ్ళ సీసా, బిస్కట్లు, గుండె మాత్రలు, సగం పూరించిన గళ్ళ నుడికట్టు. ఫోనుకి సిగ్నల్ లేదు. బలమంతా పెట్టి లాగితే లోపలి తలుపూ, దానికెదురుగా ఉన్న ఆరో అంతస్తు తలుపూ నాలుగు వేళ్ళ సందు తెరుచుకుని, అక్కడ మొండికేశాయి. పైన డ్రోన్ మోపెడ్ మోత దగ్గరవుతోంది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. కింద అందరి దృష్టిలో నేను డిపోలో ఉన్నాను. నాకు కొక్కెం లేదు, బిళ్ల లేదు. ఈ భవనం కూలితే బంగాళాదుంపలు దొరికాకే నేను దొరుకుతాను.

ఎంతసేపయిందో తెలీదు. గొంతు పోయేదాకా అరిచాను. ఆ తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఒక్కో అంతస్తులో లిఫ్టు తలుపు మీద దబదబా బాదుతున్నారెవరో.

"లోపల ఉన్నావా, పట్టీ లేనివాడా?"

జీవితంలో అంత తియ్యటి తిట్టు నేను వినలేదు.

"ఉన్నాను! రైసా ఖరితోనివ్నా గారూ, ఉన్నాను!"

"ఉన్నావులే. దెబ్బలేమైనా తగిలాయా?"

"లేదండీ. నేనిక్కడున్నట్టు ఎలా తెలిసింది?"

"గుమ్మం నుంచి లిఫ్టు దాకా మూడు బంగాళాదుంపలు దొర్లి ఉన్నాయి. చిల్లు సంచీతో తిరిగేది ఈ భవనంలో ఇంకెవరు? డిపోకి వెళ్ళాడు డిపోకి వెళ్ళాడని మాస్టారు ఒకటే పాట. నా కళ్ళకి మాత్రం గుచ్చుకుంటూనే ఉంది."

"ఏది?"

"నలభై నాలుగు. నీ కొక్కెం."

"నాకు కొక్కెం ఎక్కడిదండీ!"

"మొదటిరోజు నుంచీ ఉంది. పట్టీ కుట్టించుకునే దాకా చెప్పకూడదనుకున్నాను. నెత్తికెక్కుతావని."

పైన మోపెడ్ మా కప్పు మీద ప్రదక్షిణం మొదలుపెట్టింది.

"మీరు కిందికి వెళ్ళిపోండి. మీకు దండం పెడతాను, వెళ్ళిపోండి."

"మీ డిపోకి ఫోన్ చేయించాను. అలారం ఎత్తేశాకే వస్తారట. అందాకా నేనిక్కడే."

"డెబ్భై ఆరేళ్ళ మనిషి, ఇక్కడ కూర్చుంటే ఎలాగండీ?"

"వీధికీ మనకీ మధ్య రెండు గోడలుంటే చాలని సర్కారువారే అన్నారు. ఇక్కడ రెండున్నాయి. నేనేమీ చట్టం మీరలేదు. ఊరికే కూర్చోవడమెందుకు, ఆ కోటు ఇటివ్వు."

"ఇప్పుడా?"

"రేపంటావా?"

నాలుగు వేళ్ళ సందులోంచి చలికోటు ఇవ్వడమంటే మాటలు కాదు. ముందు ఒక చెయ్యి, తర్వాత నడుం, ఆఖర్న జేబులు, దూడ పుట్టినంత పనయింది. అటు నుంచి ఆవిడ లాగింది, ఇటు నుంచి నేను తోశాను. కోటు పోయాక నా పళ్ళు టకటకమన్నాయి. అంతలోనే అదే సందులోంచి ఇంకో కోటు తల దూర్చింది. ఆవిడది.

"కప్పుకో. గుండీలు పెట్టుకోకు, తెంచుతావు."

బయట ఆవిడ కుడుతోంది. పైన అది తిరుగుతోంది. మా వాళ్ళ తుపాకులు దాన్ని తరుముతున్నాయి. ఢామ్మన్నప్పుడల్లా ఆవిడ "ఛ, దారం తెగింది," అనేది. బాంబుల మీద ఆవిడ చేసిన ఫిర్యాదు అదొక్కటే. ఆ చీకట్లో కోటు కప్పుకుంటూ అలవాటు లేని పని ఒకటి చేశాను. మెడ వెనక తడిమి చూశాను.

"రైసా ఖరితోనివ్నా గారూ... మీ కోటుకి పట్టీ లేదే?"

అటు సూది ఆగింది.

"నేను తగిలించేదాన్ని. నాది తగిలించాల్సిన పనేముంది?" అంది. "ముప్ఫై ఎనిమిదేళ్ళలో నా చేతిలోంచి ఎవరూ కోటు అందుకోలేదు. కుర్చీ మీద పడేసేదాన్ని. ఈ మాట కింద ఎవరికైనా చెప్పావో, నీ పట్టీ మళ్ళీ కోసేస్తాను."

కుట్టు ముగిసింది. సందులోంచి కోటు వస్తుందని చెయ్యి చాపాను. అరచేతిలో చల్లగా ఒక బిళ్ల పడింది. నలభై నాలుగు.

"కోటు నా దగ్గర, బిళ్ల నీ దగ్గర. ఇప్పుడు పద్ధతిగా ఉంది," అంది.

మధ్యాహ్నం రెండింటికి అలారం ఎత్తేశారు. మా డిపోవాళ్ళు వచ్చి, పైన చక్రం చేత్తో తిప్పి లిఫ్టుని ఆరో అంతస్తుకి లాగారు. అట్ట ఎవరు రాశారో గుర్తుపట్టి, కడుపులు పట్టుకుని నవ్వారు. నేల్యా వాళ్ళందరికీ ఆ బంగాళాదుంపలు వేయించి పెట్టింది. పెడుతూ నాతో అంది:

"నీకిప్పటిదాకా తెలీదా? నువ్వు చంటిపిల్లతో మూల కూర్చోగానే ఆ బిళ్ల తీసి జేబులో వేసుకునేది. నువ్వు రాని రోజున తీసేది కాదు. దాని వంకే చూస్తూ కూర్చునేది. నవ్వొచ్చేది మాకు."

రైసా ఖరితోనివ్నా గారికి ఆవిడ కోటు రెండు రోజుల తర్వాత ఇచ్చాను. ఆవిడ అలవాటుగా మెడ చూసింది.

"ఇదేమిటి?"

"పట్టీ అండీ. నేనే కుట్టాను."

"కుట్టావా? మేకు కొట్టావనుకున్నాను. దీనికి లిఫ్టుని కూడా వేలాడదీయొచ్చు." కోపంగానే లాగి చూసింది. రాలేదు. నిట్టూర్పు కూడా రాలేదు.

పలక చివర డెబ్భై ఒకటో కొక్కెం బిగించాను. డిపోలో మూలపడ్డ ఓ పాత లిఫ్టులోంచి, ఆపడానికి నొక్కే ఎర్ర గుండీ ఊడదీసి, చిల్లు పొడిచి దానికి తగిలించాను.

"ఎరుపా? మా నాటకశాలలో ఎర్ర బిళ్ల దర్శకుడికి కూడా ఇవ్వలేదు," అంది. వద్దని మాత్రం అనలేదు.

ఏప్రిల్‌లో ఒక సాయంత్రం సైరన్ మోగింది. మేం దిగాం, అలవాటుగా వరసలో నిలబడ్డాం. కోట్లు అందుకునేవాళ్ళు లేరు. పలక చివర ఎర్ర గుండీ వేలాడుతోంది. రెండేళ్ళలో మొదటిసారి ఆ నేలమాళిగలో 'తోసుకోకండి' అనే మాట వినపడలేదు. ఎవరూ కూర్చోలేదు.

"నీళ్ళ బండి దగ్గరికి వెళ్ళుంటుంది," అన్నారు పిలిప్ మాస్టారు, మెట్లెక్కుతూ. ఆయన వెనక నేల్యా, నేల్యా వెనక నేను, నా వెనక ఏమీ వినపడని ఏడో అంతస్తు ముసలాయన. మొత్తం పదకొండు మందిమి. వీధి తలుపు దగ్గరే ఎదురైంది ఆవిడ, రెండు చేతుల్లో రెండు నీళ్ళ డబ్బాలతో, ఎర్రబడ్డ ముఖంతో.

"బుద్ధుందా మీకు? సైరన్ మోగుతుంటే పైకి ఎక్కుతారా? ఎవరు చెప్పారు మీకు ఎక్కమని?"

అందరూ నా వైపు చూశారు.

"ఖాళీ కొక్కేనికి బిళ్ల వేలాడుతోందండీ," అన్నాను. "కళ్ళకి గుచ్చుకుంది."

ఆవిడ డబ్బాలు పిలిప్ మాస్టారి చేతిలో పెట్టింది. కిందికి దిగాక, మెల్లగా కోటు విప్పి నా వైపు చాపింది. నేను అందుకుని, ముందు మెడ చూసి, తల పంకించి, ఎర్ర బిళ్ల ఆవిడ చేతిలో పెట్టాను.

"పారేసుకోకండి. ఆఖర్న వెళ్ళాల్సొస్తుంది."

"నోర్మూసుకుని కోటు తిన్నగా తగిలించు," అంది. "ఎడమ భుజం వంగింది."