ఒక్కదాని పొయ్యి

మా ఆయన పోయిన తర్వాత నేను పాడుడు బంద్ చేసిన. ఎవ్వరూ వద్దనలేదు. బిలోలి దగ్గర మా ఊర్ల బతుకమ్మ దినాల్ల ఆడోళ్ళు చప్పట్లు కొట్టుకుంట తిరుగుతుంటే, నేను దర్వాజ కాడ నిలబడి చూసేదాన్ని. అంతకుముందు పాట ఎత్తుకునేదే నేను. ఇప్పుడు రమ్మని ఎవ్వరూ పిలవలేదు, పోవద్దనీ ఎవ్వరూ అనలేదు. గొంతు దానంతట అదే మూసుకపోయింది.

మరాఠి బడిల మెట్రిక్ దాక చదివిన కాబట్టి నాందేడ్‌ల గ్రామసేవిక నౌకరి దొరికింది. పాత వాడల, అంటే పెద్ద లోగిలింట్ల, ఒక గది కిరాయికి తీసుకున్న. పక్క గదిల ఒక రిటైరైన పంతులమ్మ ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. అందరూ ఆమెను బాయి అనేటోళ్ళు. మా రెండు గదుల నడుమ సన్న గోడ. పొద్దున ఆమె స్టవ్‌కు పంపు కొట్టే చప్పుడు నాకు వినొచ్చేది, నాది ఆమెకు వినొచ్చేది. ఎదురుపడితే 'చాయ్ అయ్యిందా' అనుకునేటోళ్ళం. అంతకు మించి మాటల్లేవు.

ఎనభైల మొదట్ల సర్కారు పొగలేని పొయ్యిలు పెట్టియ్యమన్నది. మట్టితోని కట్టి, గిన్నెలు పెట్టనీకి రెండు కండ్లు చేసి, పొగ పోనీకి గొట్టం పెడితే తక్కువ కట్టెలతోనే వంటయితది. మా ఆఫీసు సాహెబు నన్ను పిలిచి, "సరిహద్దు ఊర్ల ఆడోళ్ళు తెలుగోళ్ళు. మా మరాఠి ఉపన్యాసం వాళ్ళు వినరు. మీరు పోయి చెప్పున్రి" అన్నడు.

మొదటి ఊర్ల పోయి చెప్పిన. కట్టెలు ఎంత మిగులుతయి, కండ్లకు ఎంత మంచిది, అడవి ఎట్ల మిగులుతది, అన్నీ చెప్పిన. నేను చెప్తుంటే ఒకామె బర్రెకు నీళ్ళు పెట్టాలని లేచింది, ఇంకొకామె పిల్లగాడు ఏడుస్తున్నడని లేచింది. ఆఖరికి ఒక ముసలామె మిగిలింది. ఆమె కూడా, "ఏమనుకోకు బిడ్డా, నువ్వు చెప్తుంటే నాకు నిద్రొస్తున్నది" అన్నది.

చెప్పుడు ఆపి చీర కుచ్చిళ్ళు బొడ్ల దోపుకొని మట్టిల దిగిన. ఒక పొయ్యన్న కట్టి చూపిద్దామని. మట్టి, పేడ, ఊక కలిపి కాళ్ళతోని తొక్కుతుంటే అడుగులకు ఒక వరుస వచ్చింది. ఆ వరుసకు నోట్ల ఉయ్యాలో వచ్చింది. నేను అనుకోలేదు, అదే వచ్చింది.

గంజు మీద మూత బెట్టు ఉయ్యాలో
గరమి బయట పోనియ్యకు ఉయ్యాలో
పప్పు ముందే నానబెట్టు ఉయ్యాలో
కట్టెలొక్క మోపు మిగులు ఉయ్యాలో

నాలుగో వరుసకు నా గొంతు జీరపోయింది. ఏండ్ల సంది వాడని గొంతు. ఆగిపోయిన. తల వంచుకొని మట్టి తొక్కుతున్న, కండ్లల్ల నీళ్ళు వస్తున్నయని ఎవ్వరూ చూడొద్దని. అప్పుడు నిద్రొస్తున్నదన్న ముసలామె, "కట్టెలొక్క మోపు మిగులు ఉయ్యాలో" అని అందుకున్నది. బర్రె దగ్గరికి పోయినామె మళ్ళ వచ్చింది. ఇద్దరు మట్టిల దిగిన్రు. పొద్దుగూకే వరకు ఆ ఊర్ల మూడిండ్లల్ల పొయ్యిలు లేచినయి.

ఆ పాట నాకంటే ముందే పక్క ఊర్లకు పోయేది. నేను బస్సు దిగేసరికి చిన్న పిల్లలు "మూత బెట్టే అక్క వచ్చింది" అని ఉరికేటోళ్ళు. పగలంతా మందిల ఉండేదాన్ని, పాడేదాన్ని. తిరిగి నాందేడ్‌కు వస్తే మాట్లాడనీకి మనిషి లేదు. ఊర్లల్ల పాడుతున్నని మా అత్తగారింట్ల తెలిసింది. వాళ్ళు కోపం చేయలేదు, మాట్లాడుడు తక్కువ చేసిన్రు.

పొయ్యిలు వాడుతున్నరో లేదో చూడనీకి కొన్ని దినాలకు మళ్ళ మొదటి ఊరికే పోయిన. ఆడోళ్ళందరూ అరుగు మీద కూసున్నరు. కొత్తగా కాపురానికి వచ్చిన ఒక పిల్ల అడిగింది, "అక్కా, మీ ఇంట్ల ఎంతమందికి వండుతవు?"

"ఒక్కదాన్నే గదా. నాకే."

"ఒక్కదానికే దినాం పొయ్యి ముట్టిస్తవా? మా ఇంట్ల ఎనిమిది మందికి ఒక్కటే పొయ్యి. గట్లయితే మనిషి లెక్కన మాకంటే నువ్వే ఎక్కువ కాలుస్తున్నవు!"

అందరూ నవ్విన్రు. నేను కూడా నవ్విన. ఆ పిల్ల మాటల తప్పేం లేదు. కానీ ఆమె అత్త ఊకోలేదు. "నోరు ముయ్యవే. ఆమెకు ఎవరున్నరని" అన్నది. నన్ను కాపాడుదామనే అన్నది. ఆ మాటకు నాకు పాణం చివుక్కుమన్నది. మళ్ళ పాట ఎత్తుకోబోతే రాలేదు. గొంతు నొస్తున్నదని చెప్పి బస్సెక్కిన.

బస్సుల కిటికి పక్కన కూసొని అదే ఆలోచించిన. పిల్ల చెప్పింది నిజం. ఒక మనిషికి అన్నం వండాలన్నా స్టవ్ వేడెక్కాలె, గిన్నె వేడెక్కాలె, నీళ్ళు మసలాలె. నలుగురికి వండితే ఇంకింత బియ్యం, ఇంకింత సేపు, అంతే. నేను ఊరూరికి పోయి పాడుతున్న పాటల ఈ ముచ్చట లేదు.

ఆ వారమే నాందేడ్‌ల గ్యాస్‌నూనె దొరకలేదు. కిరోసిన్‌ను మేం గ్యాస్‌నూనె అంటం. రేషన్ దుకాణం ముందట డబ్బాలు వరుసగా పెట్టి జనం ఉత్తగనే తిరిగిపోతున్నరు. ఒక పొద్దున నేను స్టవ్ ముట్టించిన. గోడ అవతల బాయి పంపు కొడుతున్నది, ఆపుతున్నది, మళ్ళ కొడుతున్నది. స్టవ్ అందుకుంటలేదు. నూనె లేదని నాకు సమజైంది. నా స్టవ్ మంట తగ్గించిన. తర్వాత పోయి ఆమె తలుపు కొట్టిన.

"బాయి, నా స్టవ్ ముట్టిచ్చిన. మీ బియ్యం కూడా అండ్లనే వేస్త, ఇయ్యున్రి" అని మరాఠిల అన్న.

ఆమె తలుపు పూర్తిగ తీసింది. లోపలికి పోయి గిన్నె తెచ్చింది. చిన్న ఇత్తడి గిన్నె. నా గిన్నె కూడా అంతనే ఉంటది. బజార్ల అంతకంటే చిన్నది దొరకదు.

"పప్పు నేను చేస్త. నేను వండింది ఇంకొకరు తిని చాన ఏండ్లయ్యింది" అన్నది బాయి. "ఉప్పు ఎక్కువైతే చెప్పు. నాకు తెలుస్తలేదు."

ఆ పొద్దు అన్నం ఒక పొంగు రాంగనే ఆమె స్టవ్ ఆపేయించింది. గిన్నెను పాత గొంగడిల చుట్టి మూలకు పెట్టింది. మేం చాయ్ తాగి ముచ్చట పెట్టే వరకు అన్నం మెత్తగ ఉడికింది. అది కూడా పాటల కలిపిన. ఆ తర్వాత మా రెండు గదులకు ఒకటే స్టవ్. ఒక దినం నా గదిల, ఒక దినం ఆమె గదిల. పాటను మరాఠిల రాసిచ్చింది కూడా బాయే, మరాఠి మాట్లాడే ముఖేడ్ దిక్కు ఊర్లల్ల పాడనీకి. రాసి ఊకోలేదు, పాడి చూపించింది. శ్రుతి ఏ మాత్రం లేదు. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటే, "నవ్వు, నవ్వు, బడిల పిల్లలు ఇంతకంటే ఎక్కువ నవ్విన్రు" అన్నది. నాందేడ్‌కు వచ్చినంక ఆ గదిల నేను గట్టిగ నవ్వింది అప్పుడే.

కొన్నేండ్లు అట్ల గడిచినయి. తర్వాత బాయికి పాణం బాగలేకుంటయ్యింది. తమ్ముని బిడ్డ వచ్చి పర్భణికి తోలుకపోయింది. "బాగైతే వస్త" అన్నది బాయి. రాలేదు. ఎండకాలంల ఆ పిల్లే వచ్చి, బాయి పోయిందని చెప్పి, గది ఖాళీ చేసింది. ఆ వారమంతా నేను ఇద్దరికి సరిపోయేంత బియ్యం కడిగిన. చెయ్యికి అదే అలవాటు.

పొయ్యిల సంగతి చెప్పాలంటే, చాన ఊర్లల్ల నిలవలేదు. గొట్టం మసి పట్టి పూడుకపోతే తీసి పారేసి మళ్ళ మూడు రాళ్ళు పెట్టుకున్నరు. సర్కారు లెక్కల ఏమున్నదో గాని, నేను కండ్లార చూసింది ఇదే. కానీ మూత పెట్టుడు, పప్పు నానబెట్టుడు మాత్రం పోలేదు. కట్టెలు పోయినయి, గ్యాస్‌నూనె పోయింది, ఇండ్లల్లకు సిలిండర్లు వచ్చినయి. ఏది కాలినా మూత తీసి పెడితే వేడి బయటికే పోతది. అందుకే ఇప్పటికీ ఎవరన్న కోడండ్లకు ఆ వరుసలే చెప్తరు, ఎవరు కట్టిన్రో తెల్వకుంట.

బాయి పోయినంక ఆదివారం నాడు ఒక్కదాన్నే వండుకోవాలంటే చెయ్యి ఆడలేదు. ఒక దినం సిక్కుల గురుద్వారకు పోయి, వచ్చినోళ్ళందరికి ఉత్తగనే అన్నం పెట్టే లంగర్ల కూసున్న. ఏ పనీ చేయకుంట తినొచ్చినంక మనసు ఒప్పలేదు, మరుసటి ఆదివారం రొట్టెలు చేసేటోళ్ళ పక్కన కూసున్న. మంచమంత పెద్ద పెనం, కింద ఒకటే మంట, ఎంతమంది వచ్చినా ఆ మంట మీదనే. లోపల నుంచి కీర్తన వినొస్తది. ఆడోళ్ళు రొట్టెలు ఒత్తుకుంటనే మెల్లగ దాన్ని అందుకుంటరు. నాకు ఆ మాటలు రావు. నేను ఊకనే ఒత్తుత. పక్కనున్నామె పంజాబిల ఏదో అడుగుతది, సగం సమజైతది. తల ఊపి ఇంకొక పిండిముద్ద తీసుకుంట.