మిగిలిన సున్నం

మా అక్క నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి. బట్టలు కుట్టేవాళ్లకి అది మామూలే కానీ, మా అక్క వాటిని తియ్యకుండానే మాట్లాడుతుంది, నవ్వుతుంది, తిడుతుంది. షాపులో అడుగుపెట్టిన మనిషిని టేపు పెట్టకముందే కళ్లతో కొలిచేస్తుంది. "ఏంటి, కాస్త ఒళ్లు చేశావు? కుట్లు విప్పేదా?" అని నలుగురిలో అడిగేస్తుంది. అయినా జనం ఆమె దగ్గరికే వస్తారు. గుడ్డ చిరిగినా ఆమె వేసిన కుట్టు ఊడదు మరి.

అంత గట్టి మనిషికీ ఒక దిగులుంది. మేమిద్దరం ఒక తండ్రి బిడ్డలమే కానీ ఒక తల్లి బిడ్డలం కాదు. అక్కను కన్నతల్లి, దానికి మాటలు రాకముందే పోయింది. వడ్రంగి పని చేసే మా నాన్న ఆవిడను ఆ పల్లెలోనే చర్చి పక్కన సమాధి చేసి, పిల్లను భుజాన వేసుకుని పట్నం వచ్చేశాడు. తర్వాత మా అమ్మను చేసుకున్నాడు, నేను పుట్టాను. అక్కను మా అమ్మే పెంచింది, నాకంటే ముద్దుగా పెంచింది.

"ఆవిణ్ని అక్కడ ఒంటరిగా వదిలేసి వచ్చేశామే. ముళ్లకంపలు మొలిచి, పలకరించే దిక్కు లేక ఎలా పడుందో" అని ఉన్నట్టుండి కుట్టుమిషను ఆపి అనేది అక్క. అది విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మా అమ్మ పెంచింది చాల్లేదా? నిజం చెప్పొద్దూ, కుళ్లు. నాకున్నది ఒక్క అమ్మ, దీనికి ఇద్దరు కావలసి వచ్చారు!

వెళ్లి చూద్దామంటే ఊరేదో తెలియదు. ఆ ఊసెత్తితే నాన్న లేచి వెళ్లిపోయేవాడు. ఒకసారి నోరుజారి చెప్పింది ఒక్కటే: అది రాతి చర్చి, గంట గోపురంలో కాకుండా బయట రెండు దూలాల మధ్య వేలాడుతుంది, ఆ దూలాలు నిలబెట్టింది ఆయనే. ఊరి పేరు మాత్రం ఆయనతోనే పోయింది.

ఆ ముక్క పట్టుకుని అక్క, కొలతలకొచ్చిన ప్రతివాణ్నీ అడిగేది. "చేతులెత్తు. బయట గంట ఉన్న రాతి చర్చి ఎక్కడైనా చూశావా? లేదా? సరే, చేతులు దించు." ఎవరు ఏ ఆనవాలు చెప్పినా నన్ను లాక్కుని బయల్దేరేది. ఒకచోట గంట ఉంది, రాయి లేదు. ఇంకోచోట రాయి ఉంది, సమాధులు లేవు. కాళ్లరిగేలా తిరిగాం. చివరికి ప్యాంటు పొట్టి చేయించుకోవడానికొచ్చిన లారీ డ్రైవరు, "ఆ గంట కిందే కదమ్మా నేను టైరు మార్చుకుంది!" అన్నాడు. అక్క నోట్లో సూదులన్నీ ఒక్కసారి కింద రాలాయి. అతని ప్యాంటు అప్పటికప్పుడే కుట్టి ఇచ్చింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. మెట్ట మీద రాతి చర్చి, తలుపుకి తాళం. బయట రెండు దూలాలు, మధ్యలో గంట. అక్క దూలాన్ని రెండు చేతులా నిమిరి, "నాన్న పనే" అంది. నేనూ దాని మీద చెయ్యి వేసి చూశాను.

చర్చి వెనక సమాధుల తోట. అక్క కొంగు బిగించి తిన్నగా వెనక గోడ దగ్గరికి నడిచింది. అక్కడ ముళ్లకంపలు నడుం ఎత్తున ఉన్నాయి.

"అన్నీ చూసుకుంటూ వద్దామే" అన్నాను.

"ఎందుకే? దిక్కులేని సమాధి ఇలాగే కదా ఉంటుంది!"

కంప పీకడం, పాచి గీకడం, అక్షరాలు చదవడం. మొదటిది ఎవరో పెద్దమనిషిది. రెండోది బడిపంతులుది. మూడోదాని మీది కంప పీకేసరికి చేతులు చీరుకుపోయాయి, అది మొగుడూ పెళ్లాల జంట సమాధి. "అక్కా, ఊళ్లో వాళ్లందరికీ మనమే వారసులమయ్యేట్టున్నాం" అన్నాను. అది నవ్వలేదు. ఎప్పుడూ సూదులు పెట్టుకుని నవ్వే మనిషి, నోరు ఖాళీగా ఉండి కూడా నవ్వలేదు.

ఎండ నెత్తికెక్కింది. గేటు పక్కన కుళాయి, దాని దగ్గరే ఒక తెల్లటి సమాధి ఉంటే, దానికి ఆనుకుని కూర్చుని తెచ్చుకున్న రొట్టె తిన్నాం. అబ్బ, ఎంత తెలుపో! కళ్లు జిగేలుమన్నాయి.

"పెట్టి పుట్టింది మహాతల్లి" అంది అక్క దాన్ని చూస్తూ. "ఎంతమంది పిల్లలో ఏమో. మా అమ్మకి నేనొక్కదాన్ని, నేనూ రాలేదు." అని కళ్లు తుడుచుకుంది. నాకు అప్పుడు కుళ్లు రాలేదు, దాని మీద జాలేసింది.

అంతలో చీపురు పట్టుకుని చర్చి ఊడ్చే ఆవిడ వచ్చింది. వెనక గోడ వైపు చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో అయ్యో, ఎవరమ్మా వాటి మీద చెయ్యి వేసింది? వాటికి సొంతవాళ్లున్నారు! తాము చెయ్యరు, ఇంకొకరు చేస్తే ఊరుకోరు. రేపు నా ప్రాణం తీస్తారు!"

అక్క సంగతంతా చెప్పుకొచ్చింది. నాన్న, దూలాలు, పసిపిల్ల, అన్నీ. ఆవిడ చీపురు కింద పెట్టేసింది.

"వడ్రంగి భార్యా? ఆవిడ అక్కడెందుకుంటుందమ్మా? మీరు ఆనుకుని కూర్చున్నది ఆవిణ్నే."

అక్క గభాలున ఆ తెల్లటి రాయి వైపు తిరిగింది.

"మా దగ్గరొక పద్ధతుందమ్మా. ఏటా ఎవరి సమాధికి వాళ్లు సున్నం వేసుకుంటారు. మిగిలిన సున్నం ఇంటికి తీసుకుపోకూడదు. బకెట్టు కడుక్కోవడానికి ఈ కుళాయి దగ్గరికే రావాలిగా, వచ్చి మిగిలిందంతా ఈవిడకి వేస్తారు. ఈవిడకి ఎవరూ లేరు కదా, అందుకని అందరూ వేస్తారు. మా అమ్మా వేసింది, నేనూ వేస్తున్నా. పేరు ఎప్పుడో పూడిపోయింది, పెద్దవాళ్లు చెప్పుకోబట్టి నాకు తెలుసు."

అక్క రవికకున్న పిన్నీసు తీసి రాతి నెత్తిన గీకడం మొదలుపెట్టింది. పొర కింద పొర, ఎంత గీకినా సున్నమే. నేనూ గోళ్లతో గీకాను. ఆఖరికి పెచ్చు ఊడి ఒక అక్షరం బయటపడింది, దాని పక్కన ఇంకొకటి. అక్క వాళ్లమ్మ పేరు! అక్షరాలు ఉలితో లోతుగా, కాస్త వంకరగా ఉన్నాయి. చెక్క మీద పని తెలిసిన చెయ్యి రాతి మీద పడ్డ పాట్లు.

"ఒంటరిగా లేదే!" అంది అక్క. "ఒసేయ్, మా అమ్మ ఒంటరిగా లేదే! ఊరంతా చూసుకుందే!" ఏడుస్తోంది, నవ్వుతోంది, ఆ తెల్లటి రాయిని పట్టుకుని నన్నూ లాగేసుకుంది. ఇద్దరి ముఖాలూ సున్నమే.

ఊడ్చే ఆవిడ కూడా కళ్లొత్తుకుంది. చర్చి వెనక గదిలోకి వెళ్లి ఒక బకెట్టులో సున్నం, ఒక కుంచె తెచ్చింది.

"గీకినచోట మళ్లీ వెయ్యాలిగా. పేరు వదిలేసి చుట్టూ వేద్దాం. ఇన్నాళ్లూ మిగిలిందే వేశాం, ఇవాళ మొదటిది సొంతవాళ్ల చేత్తో పడాలి. ఇంతకీ ఈవిడ కూతురు ఎవరమ్మా, మీ ఇద్దరిలో?"

అక్క చెప్పబోయింది. దాన్ని చెప్పనివ్వలేదు నేను.

"ఇద్దరం" అన్నాను. "లోపల ఇంకో కుంచె ఉంటే తెచ్చిపెట్టమ్మా."